ఏ రేవు వాళ్లు?

సెలిన్ చిన్నతనంలో వాళ్ల ఇల్లు ఒక మండలంలో, గేదెల పాక ఇంకో మండలంలో ఉండేవి. ఎవరికి చెప్పినా నమ్మేవారు కాదు. నరసాపురానికి దిగువన, గోదావరి పాయ నడుమ ఉన్న లంక అది. ఏటా వరదొచ్చి పడమటి గట్టును కొంత కోసుకుపోయి, ఆ మట్టినే తూర్పున తెచ్చి పోసేది. ఏ కాలంలోనో ఏ అధికారో ఏటి నడుమ నుంచి సరిహద్దు గీత గీసి వెళ్లాడు. తర్వాత ఏరు జరిగింది గానీ గీత జరగలేదు. అది వాళ్ల పెరట్లో దొండపాదు మీదుగా పోయేది. "మా గేదె పక్క మండలంలో పాలిస్తుందండి, మేం ఈ మండలంలో తాగుతామండి" అని వాళ్ల నాన్న ఇస్రాయేలు, పడవెక్కిన ప్రతి కొత్త ఉద్యోగికీ చెప్పి నవ్వించేవాడు.

ఇస్రాయేలు మనుషుల్ని ఏరు దాటించేవాడు. ఇళ్లు ఏట్లో కలిసిపోయినవాళ్లు ఏటికేడాది వెనక్కి జరిగి, ఎవరి చేను గట్టునో పాక వేసుకునేవారు. చుట్టాలొచ్చి వాళ్లను వెతుక్కోవాలంటే ఊరి పేరు పనికొచ్చేది కాదు. "ఏ రేవు వాళ్లండి?" అని ఇస్రాయేలు అడిగేవాడు. పడవ ఏ రేవులో కడతారో తెలిస్తే మనిషి దొరికినట్టే. సెలిన్ వాళ్లది చింతరేవు. ఆ చింతచెట్టు మాత్రం ఆమె పుట్టకముందే గోదాట్లో కలిసింది.

అలాంటి చోట పుట్టినందుకో ఏమో, ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న సెలిన్‌ని వదల్లేదు. చర్చి ఆదివారం బడిలో గోడకి బైబిల్లోని పన్నెండు గోత్రాల పటం ఉండేది. ఎవరి భూమి ఎంతవరకో రంగులేసి చూపించారు. అందరూ పాట పాడుతుంటే ఈ పిల్ల లేచి, "టీచరుగారండీ, లేవీ గోత్రం వాళ్ల రంగేదండీ?" అంది. "వాళ్లకి భూమి లేదమ్మా, వాళ్లు అందరి మధ్యా ఉంటారు. కూర్చో" అన్నారు ఆవిడ. సెలిన్ కూర్చుంది గానీ, రంగు లేకుండా పటంలో ఎలా ఉంటారన్నది ఆమెకు తేలలేదు.

తర్వాత అందరిలాగే చదువు, ఉద్యోగం. భీమవరంలో బీఎస్సీ నర్సింగు, విజయవాడలో కొన్నాళ్లు పని, ఆ తర్వాత ఒమాన్. మొదట మస్కట్ దగ్గర బౌషర్‌లో ఒక పెద్ద ఆసుపత్రి. అక్కడే ప్రార్థన కూడికలో తణుకు కుర్రాడు ప్రేమ్ సాగర్ పరిచయమయ్యాడు. పెళ్లయింది. అతను సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటులో టెక్నీషియన్. అతనికి సూర్ పట్నానికి దక్షిణాన, తీరానికి ఎడంగా ఉన్న ఒక చిన్న ద్వీపానికి బదిలీ అయితే, సెలిన్ కూడా అక్కడి ఆసుపత్రికే అడిగి వేయించుకుంది. ఆ ద్వీపానికి మ్యాపులో పొడుగాటి పేరొకటి ఉంది కానీ ఎవరూ వాడరు. అందరూ జజీరా అనే అంటారు. ద్వీపం అని అర్థం. ఇంకో ద్వీపం లేనట్టు.

ఫెర్రీ దిగిన మొదటి వారంలోనే సెలిన్ తన ప్రశ్న మొదలుపెట్టింది. ఈ జజీరాలో ఎన్ని ఊళ్లు? ఎవరి హద్దు ఎక్కడ? పైనుంచి కిందికి కొంతవరకు తేలిగ్గానే తెలిసింది. పైన గవర్నరేటు, అంటే మన జిల్లా లాంటిది. దాని కింద విలాయత్, మన తాలూకా అనుకోవచ్చు. దాని కచేరీ నీళ్లకు అవతల, పెద్ద భూమి మీద ఉంది. దాని కింద నియాబా. ద్వీపం మొత్తం కలిపి ఒక్క నియాబా, దానికి ఒక అధికారి. మరి దాని కింద? ఆ మాట అడిగితే కచేరీలో గుమాస్తా ఖర్జూరాల పళ్లెం ఆమె వైపు జరిపి, "కింద మనుషులుంటారు" అని నవ్వాడు.

అదేం జవాబని సెలిన్ ఇంటికొచ్చి మొగుడి దగ్గర గొణిగింది. గీతలంటూ ఆమెకు కనపడ్డది ఒక్కటే, అదీ ఆరోగ్యశాఖ వాళ్లది. ద్వీపం నడుమ నల్లటి కొండలు, వాటి మధ్య ఒక కనుమ. కనుమకి ఉత్తరాన ఉన్నవాళ్లను ఆసుపత్రి చూసుకోవాలి. దక్షిణాన ఉన్నవాళ్లను అక్కడి చిన్న ఆరోగ్య కేంద్రం చూసుకోవాలి. సెలిన్ ఒక మ్యాపు సంపాదించి టీకాల గదిలో గోడకు అంటించి, ఉత్తరానికి పచ్చ, దక్షిణానికి పసుపు వేసింది. ప్రేమ్ సాగర్ అది చూసి, "కేకు కోసినట్టు కోశావు. ముక్క ఎవరికి పెడతావు?" అన్నాడు.

"నవ్వండి, నవ్వండి. ఒకరోజు ఇదే పనికొస్తుంది."

"పనికొచ్చినా రాకపోయినా, వాణ్ణి కాసేపు ఎత్తుకో తల్లీ. నా చెవులు పోయాయి."

వాడంటే కెవిన్. ఇంకా ఏడాది నిండలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే ఏడుపు. పాలిస్తే ఏడుపు, దించితే ఏడుపు, ఎత్తుకుంటే ఇంకా పైకి ఎత్తమని ఏడుపు. ఒక్క పూట వీడు హాయిగా నిద్రపోతే చాలు ప్రభువా అని సెలిన్ ప్రార్థన చేయని రోజు లేదు. నర్సు కాబట్టి ధైర్యంగా ఉంటుందని అందరూ అనుకునేవారు. నిజానికి నర్సు కావడం వల్లే ఆమెకు భయం ఎక్కువ. పిల్లలకు ఏమేం రావచ్చో ఆమెకు పాఠంలా వచ్చు. కెవిన్ దగ్గితే ఒక అధ్యాయం, తుమ్మితే ఇంకో అధ్యాయం గుర్తొచ్చేవి.

ఆ ఏడు బక్రీదు, గాలికాలం మొదలైన కొత్తలో వచ్చింది. ఎండలు ముదిరాక నైరుతి నుంచి లేచే గాలి అక్కడ మూడు నెలలు ఆగదు. సముద్రం తెల్లగా నురగలు కక్కుతుంది, ఇసుక తలుపు సందుల్లోంచి వచ్చి అన్నంలో పడుతుంది. ఆసుపత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. ఈద్‌కి ముస్లిములు సెలవు తీసుకుంటే క్రైస్తవ నర్సులు డ్యూటీ చేస్తారు. క్రిస్మస్‌కి వాళ్లు వీళ్లకు చేస్తారు. అందుకని పండగ రెండోరోజు పొద్దున టీకాల విభాగంలో సెలిన్ ఒక్కతే ఉంది. కచేరీలు మూసేశారు. ఊళ్లో సగంమంది చుట్టాల ఇళ్లకు ఫెర్రీ ఎక్కి వెళ్లిపోయారు.

డాక్టర్ గారు ఫోను పట్టుకుని వచ్చారు. "సెలిన్, సూర్ ల్యాబు నుంచి కబురు. రయ్యా అని ఆడపిల్ల. అక్కడ కాన్పయింది, వెంటనే జజీరాకి తీసుకొచ్చేశారు. బొడ్డుతాడు రక్తంలో థైరాయిడ్ పరీక్ష తేడాగా ఉంది."

సెలిన్‌కి ఆ అధ్యాయం కూడా వచ్చు. గొంతు దగ్గర చిన్న గ్రంథి. అది పుట్టుకతోనే పనిచేయకపోతే మొదట్లో పైకి ఏమీ కనపడదు. బిడ్డ బాగానే ఉన్నట్టుంటుంది. లోపల మెదడు మాత్రం ఎదగడం ఆపేస్తుంది. రోజుకొక చిన్న మాత్ర అరగదీసి పోస్తే చాలు, అందరి పిల్లల్లాగే పెరుగుతుంది. కానీ మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టాలి. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు.

"ఎప్పుడు పుట్టింది డాక్టర్?"

"అదే కదా. రెండో వారం అయిపోవస్తోంది. సెలవుల్లో కబురు ఎక్కడో ఆగింది. ఇవాళే మళ్లీ రక్తం తీయాలి, ఇవాళే మందు మొదలుపెట్టాలి. ఇచ్చిన ఫోను నంబరు తండ్రిది, పలకడం లేదు. వాళ్ల తెగపెద్ద షేక్ కూడా పండక్కి అవతలికి వెళ్లాడట. ఊరు బిర్ ముర్."

బిర్ ముర్ అంటే చేదు బావి. ద్వీపానికి తూర్పున బయటి సముద్రం ఒడ్డున, కనుమకు దక్షిణాన. మ్యాపులో పసుపు. సెలిన్ వెంటనే దక్షిణ కేంద్రానికి ఫోన్ చేసింది. అక్కడ నర్సు ఇనాయత్, కడప వాడు.

"ఈద్ ముబారక్ తమ్ముడూ. బిర్ ముర్‌లో ఒక పసిపాప కావాలి, అర్జంటు."

"ముబారక్ ఏంది లేక్కా, ఈడ ఉండేదే నేనొగణ్ణి, మటన్ ముక్క తినకుండా డ్యూటీలో కూర్చోనుండా. బిర్ ముర్ నాదే, కాదనను. కానీ ఆడిప్పుడు మనిషి జాడ ల్యా. గాలి లేస్తానే అందురూ సామాన్లు కట్టుకోని ఎళ్లబారినారు. మేకలు గూడా ల్యావు."

"ఎక్కడికి?"

"నేనొచ్చిందే చలికాలంలో అక్కా. నాకిది మొదటి గాలి. నన్నడిగితే యాడ చెప్తా? కనుమ దాటింటే మాత్రం నీ పక్కే."

"నా పక్కన బిర్ ముర్ అని ఎవరూ రాయించుకోలేదు."

"నా పక్కన రాయించుకున్నోళ్లు నా పక్కన ల్యారు. ఏం జేద్దాం చెప్పు. నేను బండేసుకోని ఆ బావికాడికి ఇంకోసారి పోయొస్తా. నువ్వు ఆ తట్టు చూడు."

ఫోన్ పెట్టేసి సెలిన్ మ్యాపు ముందు నిలబడింది. ఆమె బుర్ర పాఠం చదువుకున్నట్టు చదువుకుంది. గాలికాలంలో బయటి సముద్రంలో పడవ దించలేరు. కాబట్టి ఇటు పెద్ద భూమికీ ద్వీపానికీ మధ్యనున్న ప్రశాంతమైన నీళ్ల వైపు, పడమటి ఒడ్డుకు రావాలి. బిర్ ముర్ నుంచి పడమటికి దగ్గరి దారి కనుమ. కనుమ దిగగానే ఒడ్డున ఒక గుడిసెల గుంపు గుర్తు ఉంది. లంకలో కూడా అంతే, ఇల్లు పోయినవాళ్లు అన్నిటికన్నా దగ్గరి గట్టుకే జరిగేవారు. తప్పకుండా అక్కడే ఉంటారు.

ఆసుపత్రి బండి నడిపేది భీమన్న, జగిత్యాల వైపు మనిషి. ఒమాన్‌లో తల నెరిసిపోయింది. మొదట సహం అనే ఊళ్లో తోటపని, తర్వాత కట్టుబడి సైట్లు, ఇప్పుడు ఈ బండి. సెలిన్ రక్తం తీసే సరంజామా, ఐసు పెట్టె పట్టుకుని ఎక్కేసరికి, అతను స్టీరింగు మీది ఇసుక తువ్వాలతో దులుపుతున్నాడు.

"ఏడికి సిస్టరమ్మా, పండుగ పూట?"

సెలిన్ సంగతంతా చెప్పింది. భీమన్న గేరు మార్చి తల అడ్డంగా ఊపాడు.

"గదేం ఊరు సిస్టర్, బండెక్కి పోయే ఊరు! మా తాన ఊరు నడుమ బొడ్రాయి పాతుతరు. అది పాతినంక ఊరు ఏడికి పోతది? మనుషులు దుబాయి పోయినా, మస్కట్ పోయినా ఊరు ఆడనే ఉంటది. గీళ్లు బొడ్రాయి పాతుకోలే. గందుకే ఊరు పికప్పు ఎక్కి పోతుంది."

"మా లంకలో బొడ్రాయి పాతితే వరదకి అది కూడా కొట్టుకుపోయేది అన్నా."

"అయితే మీరూ గీళ్లూ ఒక్కటే తీరు. మీరైతే గీళ్లను జల్ది దొరకవడ్తరు, పోదాం పాండ్రి."

కనుమలోంచి వచ్చే గాలి బండిని పక్కకు నెట్టింది. కంకర రోడ్డు దిగి ఒడ్డుకు చేరేసరికి నిజంగానే గుడిసెలున్నాయి. ఈతమట్టలు, ప్లైవుడ్ చెక్కలు కలిపి కట్టినవి. ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి. సెలిన్‌కి గుండె తేలికపడింది. చూశావా, లెక్క తప్పలేదు అనుకుంది.

గుమ్మంలోకి ఒక ముసలావిడ వచ్చింది. పేరు జమీలా అని తర్వాత తెలిసింది. ముఖానికి ఇత్తడిరంగు ముసుగు, చేతులకు గోరింటాకు. "రండి, రండి, ఈద్ నాడు వచ్చారు" అంటూ చాప పరిపించింది. సెలిన్ చెప్పులు విప్పుతూనే, తనకొచ్చిన ఆసుపత్రి అరబ్బీలో గబగబా అనేసింది: "బిర్ ముర్ పసిపాప ఎక్కడ? పాప కావాలి. రక్తం తీయాలి."

ఒక కోడలు తన చంటిదాన్ని కొంగు కిందికి లాక్కుంది. జమీలా ముఖం ముసుగు వెనక ఎలా ఉందో తెలియలేదు గానీ, "ఇక్కడ బిర్ ముర్ ఇల్లు లేదు" అన్న గొంతు మాత్రం గట్టిపడింది.

భీమన్న గుమ్మం బయటినుంచి తెలుగులో చిన్నగా అన్నాడు. "సిస్టర్, గట్ల కాదు. ముందుగాల కహ్వా తాగాలె. ఏం వార్త అని వాళ్లడుగుతరు, అంతా మంచే అని మీరనాలె. గదయినంకనే పని మాట. పెళ్లింటికొచ్చి పొయ్యికాడికి ఉరికినట్టు జేస్తిరి."

సెలిన్ కూర్చుంది. హల్వా వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి, యాలకుల వాసనతో కహ్వా, వాళ్ల కాఫీ, వచ్చింది. చిన్న గిన్నె ఖాళీ అయ్యేకొద్దీ నింపుతున్నారు. ఇక చాలంటే గిన్నెను ఇటూ అటూ కదిపి ఇవ్వాలి, ఆ సంగతి తెలిసినా కదపడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. ఎంత తొందర ఉన్నా ఇంకో గిన్నె తాగింది. అక్కడెక్కడో ఒక బిడ్డ గొంతులో చిన్న గ్రంథి పనిచేయక కూర్చుంది, తనిక్కడ హల్వా తింటోంది.

"ఏం వార్త?" అంది జమీలా చివరికి.

"అంతా మంచే."

"అల్లా మేలు చేయుగాక. ఇప్పుడు చెప్పు."

సెలిన్ ఈసారి నెమ్మదిగా చెప్పింది. పాప జబ్బు, మందు, తొందర. జమీలా విని, "మేం వేరే షేక్ మనుషులం. బిర్ ముర్ వాళ్లది వేరే షేక్" అంది.

"వాళ్ల ఇల్లు ఎక్కడ?"

"బిర్ ముర్."

"అది శీతాకాలం ఇల్లు. ఇప్పుడు?"

"బిర్ ముర్."

"అక్కడ ఎవరూ లేరమ్మా. ఇప్పుడు వాళ్లు ఉండే ఊరు ఏది?"

"చెప్పాను కదా తల్లీ, బిర్ ముర్." జమీలా గొంతులో విసుగు లేదు. పిల్లకు పేరు నేర్పిస్తున్నట్టు చెప్పింది.

సెలిన్‌కి ఏడుపొచ్చినంత పనయింది. ఎన్ని రకాలుగా అడిగినా అదే జవాబు. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, అడ్డం తిరగడం లేదు. మరి ఎందుకు అర్థం కావడం లేదు? తలుపులోంచి ఒడ్డు కనపడుతోంది. ఒకాయన బోర్లించిన పడవ అడుగున గీకుతున్నాడు. రంగు పెచ్చులు గాలికి ఎగిరిపోతున్నాయి. ఇస్రాయేలు కూడా వరద ముందు అలాగే గీకేవాడు. అవతలి గట్టున ఎవరో కేకేస్తే తలెత్తకుండానే, "ఏ రేవు వాళ్లండి?" అనేవాడు.

సెలిన్ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"అమ్మా, వాళ్ల పడవలు ఇప్పుడు ఎక్కడ కట్టారు?"

జమీలా ఆశ్చర్యపోయింది. "పడవలా? ఇంకెక్కడ, ఫెర్రీ ఆగేచోట. మీ ఆసుపత్రి గోడ వెనక. ప్రతి గాలికాలంలోనూ అక్కడే కదా! మా చెల్లెలి కూతుర్ని ఆ బిర్ ముర్ వాళ్లకే ఇచ్చాం. మొన్ననే ఆడపిల్ల పుట్టింది, రయ్యా. నువ్వడిగేది దాన్నేనా? మొదటే చెప్పొచ్చుగా. మాషా అల్లా, ఎంత బుద్ధిమంతురాలో! ఏడవనే ఏడవదు. ఎప్పుడు చూసినా నిద్రే."

ఆ చివరి మాట వినగానే సెలిన్‌ లేచి నిలబడింది.

"ఇల్లు ఎక్కడని అడిగావు" అంది జమీలా గుమ్మం దాకా వచ్చి, ఇంకా ఆ తికమక తేల్చుకోలేక. "ఇల్లు బిర్ ముర్. మనుషులు షేక్ వాళ్లు. పడవ ఎక్కడని నువ్వు అడగలేదు."

తిరుగు దారి పట్టారు. కనుమ మలుపు దాటాక భీమన్న ఉండబట్టలేక అన్నాడు. "ఆసుపత్రి గోడ ఎన్కనట! మనం గోడ ముందు నుంచి పోయి కొండ తిరిగొచ్చినం. బగల్‌ల బిడ్డను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టు."

"అన్నా, కొంచెం తొందరగా పోనివ్వు."

"పోనిస్తున్న సిస్టర్. బండికి రెక్కల్లేవు."

సెలిన్ ఆ గుడిసెలను రోజూ చూస్తుంది. టీకాల గది కిటికీలోంచి ఫెర్రీ రేవు, దాని పక్కన వరస గుడిసెలు, తాడు మీద రంగురంగుల బట్టలు. ఫెర్రీ కోసం ఆగేవాళ్ల పాకలేమో అనుకుంది. చేపల కంపెనీ వాళ్లవేమో అనుకుంది. వాళ్లెవరని అడగాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఊళ్ల గురించి అంత ఆరా తీసిన మనిషికి! గోడకు పటం అంటించి, పటం పక్కనే ఉన్న కిటికీలోంచి మాత్రం ఊరికే చూసింది. ఆ మధ్యాహ్నం బండి ఆగకముందే ఆమె దిగిపోయింది.

రయ్యా తల్లికి ఇరవై ఏళ్లుంటాయి. గుడిసెలో నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది, మూల ధూపం. గుడ్డ ఉయ్యాల్లో పాప. సెలిన్ ఉయ్యాల వైపు పరిగెత్తబోయి ఆగింది. చాప మీద కూర్చుంది. కహ్వా తాగింది. ఏం వార్త అంటే అంతా మంచే అంది. తర్వాతే ఉయ్యాల దగ్గరికి వెళ్లింది.

చర్మం పొడిగా, లేత పసుపుగా ఉంది. బుగ్గ తట్టితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసింది. అరికాలు గోకితే ఏడ్చింది, కానీ ఆ ఏడుపు బొంగురుగా వచ్చి మధ్యలోనే ఆగిపోయింది.

"అది అంతే. మంచి పిల్ల" అంది తల్లి గర్వంగా.

సెలిన్ విషయం చెప్పింది. సూది మాట రాగానే తల్లి పాపను ఒళ్లోకి తీసుకుంది. పాప తండ్రి పడవ ఇంజను బాగుచేయించడానికి అవతలికి వెళ్లాడట, ఫోను నీళ్లలో పడిందట. షేక్ కూడా లేడు. "మగవాళ్లు వచ్చాక చేద్దాం. పండగ కదా. రెండు రోజుల్లో వస్తారు."

రెండు రోజులు. సెలిన్ వాదించడానికి నోరు తెరిచింది, గ్రంథుల పేర్లు, హార్మోన్ల పేర్లు నాలుక చివర దాకా వచ్చాయి. ఇంతలో ఆ అమ్మాయే అడిగింది. "నీకు పిల్లలున్నారా?"

"ఒకడు."

"బాగా నిద్రపోతాడా?"

"లేదమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ ఏడుపే. ఊరంతా లేస్తుంది."

ఆ అమ్మాయి నవ్వింది. "పాపం. అల్లా వాడికి నిద్ర ఇవ్వాలి."

"రోజూ నేనూ అదే అడుగుతాను" అంది సెలిన్. "ఇవాళ అడగను. ఏడ్చే పిల్లలకు ఆకలి తెలుస్తుంది, తడి తెలుస్తుంది, అమ్మ లేకపోతే తెలుస్తుంది. నీ రయ్యా మంచి పిల్ల అయి నిద్రపోవడం లేదు. లేవడానికి దానికి బలం లేదు. ఆ బలం మా దగ్గర మాత్రగా ఉంది. నా కొడుకే అయితే ఈ పూట దాటనివ్వను."

తల్లి పాప ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. చెంప మీద వేలితో రాసింది, ఇంకోసారి రాసింది, పాప కదల్లేదు. అప్పుడు లేచి చెప్పులు వేసుకుంది. ఆసుపత్రి గోడకు ఒకచోట కంత ఉంది. గుడిసెల్లో ఆడవాళ్లంతా నీళ్ల కోసం అందులోంచే ఆసుపత్రి పంపు దగ్గరికి వస్తారట. సెలిన్‌ కూడా ఆ కంతలోంచే వంగి లోపలికి వచ్చింది.

రక్తం తీశారు. ఫలితం కోసం ఆగకుండా డాక్టర్ గారు అప్పుడే మందు మొదలుపెట్టించారు. చిన్న మాత్ర అరగదీసి, రెండు చుక్కల తల్లిపాలలో కలిపి, చెంచాతో పోశారు. ఫెర్రీలో వెళ్లిన రక్తం అనుమానించిందే నిజమని చెప్పింది. ఇనాయత్ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "బావికాడ ఒక కుక్క ఉండాది అక్కా, అది గూడా నన్ను చూసి ల్యాచిపోయె" అన్నాడు. సంగతి విన్నాక మాత్రం, "మీ గోడెనకాలా! అల్లా" అన్నాడు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు టీకాల గది బయట వరండాలో చెవులు చిల్లులు పడే ఏడుపు వినపడింది. సెలిన్ కెవినే అనుకుని అలవాటుగా లేచింది. కెవిన్ కాదు. రయ్యా తల్లి కళ్ల కింద నల్లటి చారలతో నిలబడి ఉంది. "నా మంచి పిల్లను చెడగొట్టావు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. జమీలా పెద్దమ్మ నిన్ను తిట్టమంది" అంటూనే, పాపను తీసుకొచ్చి సెలిన్ చేతుల్లో పెట్టింది.

గోడ మీది మ్యాపు సెలిన్ పీకేయలేదు. పచ్చ, పసుపు అలాగే ఉన్నాయి. కానీ ఆ పైన పెన్సిల్‌తో చిన్న చిన్న పడవలు గీయడం మొదలుపెట్టింది. గాలికాలంలో ఎవరివి ఎక్కడ, చలికాలంలో ఎవరివి ఎక్కడ అని వచ్చినవాళ్లనల్లా అడుగుతుంది. కొందరు చెబుతారు, కొందరు నవ్వి ఊరుకుంటారు. ఒక గుంపు పడవలు మాత్రం చలికాలంలో ఏమవుతాయో ఇంతవరకూ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ప్రేమ్ సాగర్ ఆ గుంపు గురించి రోజుకొక ఊహ చెప్పి ఏడిపిస్తుంటాడు.

గాలి పడిపోయింది. గోడ వెనక తాడు మీద బట్టలు తీసేశారు, పికప్పుల్లోకి చాపలు, గిన్నెలు ఎక్కుతున్నాయి. ఇనాయత్ ఫోన్ చేసి, "అక్కా, నీ పాప నా పక్కకొస్తాండాది. మాత్రలు నా కాడ తెప్పించిపెట్టినా, భయపడాకు" అన్నాడు. భయపడాకు అన్నా సెలిన్ భయపడింది. మోతాదు ఎంత, తూకం ఎంత, ఏ నెలలో మళ్లీ రక్తం తీయాలో అతనితో రెండుసార్లు చెప్పించుకుంది. కదిలే ముందు తల్లి పాపను చివరిసారి తూకానికి తెచ్చింది.

"మేం ఇంటికి వెళ్తున్నాం" అంది. "నీ ఇల్లెక్కడ? ఎప్పుడూ చెప్పలేదు."

దేశం, రాష్ట్రం, జిల్లా, మండలం. ఆ మధ్య జిల్లాలు కూడా మారాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక సెలిన్, "చింతరేవు" అంది. అరబ్బీలో చెప్పడానికి కొంచెం తడుముకుని, "పడవలు కట్టేచోటు" అని కలిపింది.

ఆ అమ్మాయి అర్థమైనట్టు తల ఊపింది. "మీ పడవ ఇప్పుడు అక్కడే ఉందా?"

"లేదు. వంతెన కట్టారు. నాన్న పడవ అమ్మేశాడు."

"అయితే మీవాళ్లను వెతకాలంటే ఏమని అడగాలి?"

సెలిన్ ముల్లు చూడటానికి వంగింది. త్రాసు మీద రయ్యా గొంతు చించుకుని ఏడుస్తూ కాళ్లు తన్నుతుంటే, ముల్లు ఒకచోట నిలవడం లేదు.